రెండు వైపులా విన్నాకే తీర్పు

ముందు ఆ ఫోను పక్కన పెట్టు నాయనా. ఐరన్ మెయిడెన్ బ్యాండు ఆల్బమ్‌లకి వరస కట్టి చెప్పమన్నావు కదా, అది నిలబడి చెప్పే ముచ్చట కాదు. స్టూడియోలో చేసినవే పదిహేడు. మొదటిది 1980లో, పదిహేడోది 2021లో. ఈలోగా వాళ్ల జుట్టూ నెరిసింది, నాదీ నెరిసింది. ఒకప్పుడు నాకూ భుజాల దాకా ఉండేదిరా. నవ్వకు, ఫొటో ఉంది, తర్వాత చూపిస్తా.

మీకేం, పాట నచ్చకపోతే వేలితో ఇలా తోసేస్తారు. అర నిమిషంలో తీర్పు, శిక్ష, అన్నీ అయిపోతాయి. మాకది కుదిరేది కాదు. క్యాసెట్టును మాటిమాటికీ ఫార్వర్డ్ చేస్తే టేపురికార్డరు మోటారు పాడైపోతుందని నాన్న అరిచేవాడు. బయటికి తీసి పెన్సిలుతో తిప్పితే ఎక్కడ ఆగాలో తెలిసేది కాదు. అందుకని నచ్చనిదీ నచ్చినదీ కలిపి మొదటి వైపు పూర్తిగా విని, తిప్పి, రెండో వైపు పూర్తిగా వినేవాళ్లం. నా కొలబద్ద అక్కడే తయారైంది. ఏ వైపు పెట్టినా చెయ్యి ఫార్వర్డ్ బొత్తాం మీదికి పోకపోతే అది గొప్ప ఆల్బమ్. పోయిన ప్రతిసారీ ఒక మెట్టు దిగుతుంది. అంతే, ఇందులో శాస్త్రం ఏమీ లేదు.

అసలు ఆ క్యాసెట్టు చేతికి రావడమే ఒక పెద్ద కథ. నేను డిగ్రీ చదివే రోజుల్లో సికిందరాబాద్‌లో ఇరానీ చాయ్ రూపాయికి అటూ ఇటూ ఉండేది. మంచి జపాను ఖాళీ క్యాసెట్టు ముప్పై రూపాయల పైమాటే, అంటే ఐదారు సినిమాల బాల్కనీ టికెట్లు. దాని మీద రికార్డింగ్ ఖర్చు వేరే. రికార్డింగ్ షాపాయన దగ్గర ఒక పొడుగాటి పుస్తకం, అందులో ఎల్పీల పేర్లు నంబర్లతో సహా ఉండేవి. మనం నంబరు చెప్పి, క్యాసెట్టు ఇచ్చి, వారం తర్వాత పోవాలి. వారం అంటే పది రోజులు. ఎల్పీ అట్టను మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాడు. కౌంటరు అవతల నుంచే, అమ్మవారి దర్శనం ఇప్పించినట్టు, ఒక్కసారి చూపించి లోపల పెట్టేసేవాడు. క్యాసెట్టు వెన్ను మీద నీలం సిరాతో 'ఐరన్ మేడమ్' అని రాసి ఇచ్చేవాడు. మేమూ సరిచెయ్యలేదు. షాపాయనతో పేచీ పెట్టుకుంటే మళ్లీ ఎల్పీ ఎవడిస్తాడు?

అన్నట్టు, ఆ క్యాసెట్టు తొంభై నిమిషాలది, వైపుకి నలభై ఐదు. డబ్బు ఆదా అని కొన్నిసార్లు ఒక్కో వైపు ఒక్కో ఆల్బమ్ ఎక్కించుకునేవాళ్లం. ఈ లెక్క గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఇక వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో. తూర్పు లండన్‌లో లేటన్ అనే చోట స్టీవ్ హారిస్ అనే కుర్రాడు. భవనాల నక్షాలు గీసే పని చేస్తూ, వెస్ట్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్బు కుర్రాళ్లతో ఆడుతూ, చివరికి రెండూ వదిలి బేస్ గిటారు పట్టుకున్నాడు. 1975 క్రిస్మస్ నాడు బ్యాండు మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా మనుషులు వచ్చారు, పోయారు, మళ్లీ వచ్చారు. హారిస్ మాత్రం కదల్లేదు. ఉమ్మడి కుటుంబంలో పెద్దన్నగారి లాంటివాడు, ఎవరు అలిగినా ఇంటి తాళాలు ఆయన దగ్గరే.

మొదటి రెండు ఆల్బమ్‌లలో పాడింది పాల్ డియానో. 1982 నుంచి బ్రూస్ డికిన్సన్. మా కాలేజీలో ఈ ఇద్దరి పేర్లతో రెండు పక్షాలు. మా అన్నయ్య తరం వాళ్లు ఎన్టీఆరా, ఏఎన్నారా అని కొట్టుకున్నారు కదా, మేం వాళ్లని వెక్కిరిస్తూనే అదే పని చేశాం. డియానో గొంతులో వీధి ఉంది, డికిన్సన్ గొంతులో నాటకం ఉంది అని ఒకడన్నాడు. నాటకం అంటావా అని ఇంకొకడు లేచాడు. ఇద్దరూ దసరా నుంచి సంక్రాంతి దాకా మాట్లాడుకోలేదు. ఇచ్చిన సైకిల్ పంపు కూడా మధ్యవర్తి ద్వారా వెనక్కి తెప్పించుకున్నారు. ఆ డియానోకీ డికిన్సన్‌కీ సికిందరాబాద్ అనే ఊరుందని తెలుసో లేదో!

ఇక జాబితా. కింది నుంచి వస్తాను, ఓపిక పట్టు.

అట్టడుగున 1998 నాటి 'వర్చువల్ ఇలెవెన్'. 1993లో డికిన్సన్ వెళ్లిపోయాక బ్లేజ్ బేలీ వచ్చాడు, ఇది అతనితో చేసిన రెండోది. ఇందులో 'ది ఏంజెల్ అండ్ ది గ్యాంబ్లర్' అని దాదాపు పది నిమిషాల పాట ఉంది. ఒకే మాట తిప్పి తిప్పి పాడతారు. చాయ్ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా అదే మాట నడుస్తుంటుంది. 'ది క్లాన్స్‌మన్' ఒక్కటి ఉంది కాబట్టి పారెయ్యకుండా ఉంచాను. బేలీని మాత్రం ఏమీ అనకు. అతని గొంతు కింది స్థాయిది, వేదికెక్కిస్తే డికిన్సన్ పైస్థాయి పాటలు పాడమన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అభిమానులంతా ఆ మనిషి మీద పడ్డారు. అతని మొదటి ఆల్బమ్, 1995 నాటి 'ది ఎక్స్ ఫ్యాక్టర్', నా లెక్కలో పదకొండోది. చీకటి గదిలో కూర్చున్నట్టుంటుంది గానీ 'సైన్ ఆఫ్ ది క్రాస్' విను, పదకొండు నిమిషాలు, ఒక్క క్షణం దండగ లేదు.

పదహారోది 1990 నాటి 'నో ప్రేయర్ ఫర్ ది డయింగ్'. అప్పటికి గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ వెళ్లిపోయాడు. హారిస్ తన సొంత ఇంటి దగ్గరి కొట్టంలో, రోలింగ్ స్టోన్స్ వాళ్ల సంచార స్టూడియోను తెప్పించుకుని రికార్డు చేశాడు. గడ్డి వాసన వస్తుందని మావాళ్లు అనేవాళ్లు. వింత ఏమిటంటే, బ్రిటన్‌లో వాళ్ల పాట ఒకటి సింగిల్స్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది ఈ ఆల్బమ్ నుంచే, అదీ ఇందులోకెల్లా పేలవమైన పాట. జనం రుచికి లెక్కేముంది, పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి.

పదిహేనోది 1992 నాటి 'ఫియర్ ఆఫ్ ది డార్క్'. పన్నెండు పాటలు, అందరూ పూనకం వచ్చినట్టు పాడే పాట మాత్రం ఆఖరున ఉన్న ఆ ఒక్కటే. దాని కోసం పదకొండు మెట్లు ఎక్కాలి. దాని పైన 2010 నాటి 'ఫైనల్ ఫ్రాంటియర్', 2003 నాటి 'డాన్స్ ఆఫ్ డెత్', 2021 నాటి 'సెంజుట్సు' వరసగా కూర్చుంటాయి, ఎవరి కుర్చీ ఎవరిదని నేను పట్టుబట్టను. 'డాన్స్ ఆఫ్ డెత్' అట్ట మీద బొమ్మ చూశావా? కంప్యూటరులో సగం చేసి ఆపేసినట్టుంటుంది. గీసినాయనే తన పేరు వెయ్యొద్దన్నాడు. అంత నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుంది!

పదో చోట 2015 నాటి 'ది బుక్ ఆఫ్ సోల్స్'. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇందులో మన వైపు రావాల్సిన ఒక ప్రయాణం ఉంది. ఆఖరి పాట 'ఎంపైర్ ఆఫ్ ది క్లౌడ్స్', పద్దెనిమిది నిమిషాలు, డికిన్సన్ స్వయంగా పియానో వాయించాడు. ఆర్101 అనే బ్రిటిష్ గాలి ఓడ కథ అది. 1930 అక్టోబరు 4 సాయంత్రం ఇంగ్లండ్‌లో కార్డింగ్టన్ నుంచి బయల్దేరింది. గమ్యం కరాచీ, అంటే అప్పటి మన దేశమే. అక్కడ దాన్ని నిలపడానికి పెద్ద షెడ్డు కూడా కట్టి పెట్టారు. తెల్లారేలోగా ఫ్రాన్స్‌లో బోవే ఊరి దగ్గర కూలి కాలిపోయింది. ఉన్న 54 మందిలో 48 మంది పోయారు. షెడ్డు మాత్రం ఎదురు చూస్తూ ఉండిపోయింది. ఈ పాట రాసిన మనిషి విమానం నడిపే పైలట్ కూడా, అందుకే ఆ గాలి కుదుపులు అంత నమ్మకంగా వినిపిస్తాయి. పాడిన కొన్నాళ్లకే నాలుక మీద క్యాన్సరు బయటపడింది. నయం చేయించుకుని మళ్లీ మైకు పట్టుకున్నాడు.

పైలట్ అన్నాను కాబట్టి ఆ ముచ్చటా చెప్పేస్తా. 2008లో వాళ్ల సామాన్లు, మనుషులు అందరినీ ఎక్కించుకుని బోయింగ్ 757 విమానాన్ని డికిన్సనే నడుపుకుంటూ ముంబై వచ్చాడు, ఫిబ్రవరి 1న కచేరీ. నేను చూసింది అంతకు ముందరిది. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మన దేశంలో మొట్టమొదటిసారి వాయించారు. కాచిగూడలో రాత్రి బండెక్కాను. అప్పటికే నలభై దాటాయి నాకు. గేటు దగ్గర నల్ల టీషర్టు కుర్రాడొకడు, "అంకుల్, మీ అబ్బాయిని దింపడానికొచ్చారా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. 'ది ట్రూపర్' మొదలయ్యాక నా వైపు చూశాడు, ఆ తర్వాత నాకు దారి ఇచ్చాడు.

ఎక్కడున్నాం? ఆ, తొమ్మిది. తొమ్మిది 2006 నాటి 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్', యుద్ధాల గురించి బరువుగా ఉంటుంది. ఎనిమిది, ఏడు డియానోవి. 1980 నాటి మొదటిది, 1981 నాటి 'కిల్లర్స్'. డియానో పక్షం వాళ్లు ఇవి పైన ఉండాలంటారు. 'కిల్లర్స్' నుంచి మార్టిన్ బర్చ్ అనే ఘనుడు రికార్డింగ్ చేతుల్లోకి తీసుకున్నాడు, 1992 దాకా ఆయనే. ఆ శుభ్రమైన శబ్దం ఆయన చలవే. ఆరోది 2000 నాటి 'బ్రేవ్ న్యూ వరల్డ్'. డికిన్సన్, స్మిత్ ఇద్దరూ తిరిగొచ్చారు. స్మిత్ చోటులోకి వచ్చిన జానిక్ గెర్స్‌ను పంపెయ్యకుండా ముగ్గురు గిటారిస్టులతో నడిపారు. వచ్చినవాడి కోసం ఉన్నవాడిని వెళ్లగొట్టలేదు చూడు, అది మర్యాద.

ఇక అయిదు. ఇక్కడే నువ్వు నాతో పోట్లాడతావు. 1982 నాటి 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్'. లోకమంతా దీన్ని నెత్తిన పెట్టుకుంది, బ్రిటన్‌లో మొదటి స్థానం. అమెరికాలో కొందరు భక్తులు ఇది సైతాను పాట అని రికార్డులు తగలబెట్టారు. ఆ పొగ పీలిస్తే సైతాను లోపలికి పోతాడేమోనని భయపడి ఇంకొందరు సుత్తులతో పగలగొట్టారట. డబ్బు పెట్టి కొని మరీ పగలగొట్టారు, బ్యాండు వాళ్లకి అంతకంటే ఏం కావాలి! రికార్డింగ్ రోజుల్లో బర్చ్ కారు ఒక వ్యానుకు గుద్దుకుందనీ, ఆ వ్యాను నిండా సన్యాసినులనీ, మరమ్మతు బిల్లు సరిగ్గా 666 పౌన్లు వచ్చిందనీ, ఆయన కంగారుపడి ఆ అంకె మార్పించాడనీ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ కథ బాగుంది కాబట్టి బతికింది. 'హాలోడ్ బీ దై నేమ్' లాంటి పాట వాళ్లు మళ్లీ రాశారా అంటే నేనూ గొంతు తగ్గిస్తాను. కానీ మొదటి వైపు మొదటి పాట 'ఇన్వేడర్స్', రెండో వైపు మధ్యలో 'గ్యాంగ్‌లాండ్', రెండు చోట్లా నా వేలు బొత్తాం మీదికి పోయేది. 'గ్యాంగ్‌లాండ్' బదులు 'టోటల్ ఎక్లిప్స్' పెట్టి ఉండాల్సిందని తర్వాత వాళ్లే అన్నారు. మరి నేనంటే తప్పా?

నాలుగోది 1983 నాటి 'పీస్ ఆఫ్ మైండ్'. డ్రమ్ములకి నికో మెక్‌బ్రెయిన్ వచ్చాడు, మొదటి పాటలోనే తలుపు బద్దలుకొట్టుకుని వచ్చాడు. సైతాను పాటలు అన్నవాళ్లని ఏడిపించడానికి ఇందులో ఒక చోట మాటల్ని వెనక్కి తిప్పి పెట్టారు. తిప్పి వింటే ఏముంటుందంటే, నికో తాగిన గొంతుతో ఉగాండా నియంత ఇదీ అమీన్‌ను అనుకరిస్తూ వాగిన వాగుడు, ఆపైన ఒక తేన్పు. మాకిది తెలియదు. ఏదో రహస్యం ఉందని మాత్రం విన్నాం. మావాడొకడు వాళ్ల బావగారి టేపురికార్డరు ముందు కూర్చుని, క్యాసెట్టు స్క్రూలు విప్పి, టేపు తిరగేసి చుట్టి పెట్టాడు. గురగుర తప్ప ఏమీ వినపడలేదు. టేపు లోపల చిక్కుకుంది, బావగారు పండక్కి అలిగారు. తేన్పు కోసం ఇంత కథ.

ఈ ఆల్బమ్ ఆఖరి పాటకి 'డ్యూన్' అనే నవల పేరే పెట్టాలనుకుని దాని రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్‌ను అనుమతి అడిగారు. ఆయనకి రాక్ బ్యాండులు నచ్చవు, అందులోనూ భారీ శబ్దం చేసేవి బొత్తిగా నచ్చవు, మరీ ముఖ్యంగా ఐరన్ మెయిడెన్ లాంటివి అని జవాబొచ్చింది. పేరు మార్చి 'టు టేమ్ ఎ ల్యాండ్' అన్నారు. పాట బాగానే ఉంది. దానికి ముందున్న రెండు పాటలే నీరసం, అందుకే నాలుగు.

మూడోది 1986 నాటి 'సమ్‌వేర్ ఇన్ టైమ్'. దీని అట్ట మీద భవిష్యత్తు నగరం ఒకటి గీశాడు డెరెక్ రిగ్స్. ఎడ్డీ ఉన్నాడు కదా, అదే, వాళ్ల ప్రతి అట్ట మీదా ఉండే పుర్రెముఖం వాడు, వాడిని పుట్టించింది ఈ రిగ్సే. ఆ బొమ్మలో ఒక గడియారం 23:58 చూపిస్తుంది, అది వాళ్ల పాత పాట ఒకదాని గుర్తు. వెనక వైపు ఒక బోర్డు మీద వెస్ట్‌హామ్ 7, ఆర్సెనల్ 3 అని ఫుట్‌బాల్ ఫలితం ఉంటుంది. హారిస్ గారి తీరని కోరిక! దాని పోస్టరు సంపాదించి మా గదిలో అంటించాను. మా అమ్మ ఏమీ అనలేదు గానీ శుక్రవారం దీపం పెట్టే ముందు దాని మీద తువ్వాలు కప్పేది, పూజయ్యాక తీసేది. ఇలా చాలా ఏళ్లు నడిచింది. ఎడ్డీకి తువ్వాలు, అమ్మకి శాంతి, నాకు పోస్టరు.

ఇందులో ఆఖరి పాట అలెగ్జాండరు చరిత్ర. మాకందరికీ పురుషోత్తముడి కథ వచ్చు కదా, పాటలో ఆయన ఎప్పుడొస్తాడా అని చెవులు రిక్కించాం. రాలేదు. సైన్యం మన దేశంలోకి రానందని ఒక ముక్క చెప్పి ముందుకెళ్లిపోయారు. అంత పెద్ద పాటను వేదిక మీద వాయించడానికి వాళ్లకి 37 ఏళ్లు పట్టింది, 2023లో మొదలుపెట్టారు.

రెండోది 1984 నాటి 'పవర్‌స్లేవ్'. ఇందాక గుర్తుపెట్టుకోమన్న లెక్క ఇప్పుడు తియ్యి. క్యాసెట్టు ఒక వైపు నలభై ఐదు నిమిషాలు. ఈ ఆల్బమ్ దాదాపు యాభై ఒకటి. ఆఖరి పాట కోల్‌రిడ్జ్ పద్యం ఆధారంగా కట్టిన 'రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మారినర్', పదమూడు నిమిషాల పైన. సగానికి రాగానే గిటార్లన్నీ ఆగిపోతాయి. ఓడ చెక్కలు కిర్రుమంటాయి, ఎవరో లోగొంతుతో పద్యం చదువుతారు, బేస్ గిటారు ఒక్కొక్క చుక్కగా రాలుతుంది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అనుకుంటుండగా టక్‌మని టేపు అయిపోయేది. ఆ ఓడ మాకు కొన్ని నెలల పాటు నడిసముద్రంలోనే ఉంది. కాలేజీలో లెక్చరరు ఆ పద్యం చెప్తూ చివరికి నావికుడు ఇంటికి చేరాడంటే, వెనక బెంచీలో నేను ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత చందాలేసుకుని ఇంకో క్యాసెట్టు కొని మిగతా సగం ఎక్కించుకున్నాం. ఇంత చేసిన ఆల్బమ్ రెండో చోట ఎందుకుందంటే మొదటి వైపు చివర రెండు పాటలు కత్తియుద్ధాలతో కాలక్షేపం చేస్తాయి, అంతకంటే నేరం లేదు.

మొదటిది, నువ్వు ఊహించే ఉంటావు, 1988 ఏప్రిల్‌లో వచ్చిన 'సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్'. మనకి ఎనిమిదో గర్భం ఎలాగో వాళ్ల ఊళ్లలో ఏడో కొడుక్కి పుట్టిన ఏడో కొడుకు అలాగ, భవిష్యత్తు కనబడుతుందని నమ్మకం. ఆర్సన్ స్కాట్ కార్డ్ నవల చూసి హారిస్‌కు ఈ ఆలోచన వచ్చింది. అంతకు ముందే డోరిస్ స్టోక్స్ అని బ్రిటన్‌లో పేరున్న సోదెగత్తె చనిపోయింది. అందరి గురించీ చెప్పిన మనిషికి తన చావు ముందే తెలిసిందా అని హారిస్‌కు అనుమానం. అందులోంచి 'ది క్లెయిర్‌వోయంట్' పుట్టింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని మన పెద్దవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతి మీద ఆయన నాలుగున్నర నిమిషాల పాట కట్టాడు. బేస్ గిటారుతో ఎత్తుకుంటుంది చూడు, వేళ్లు తీగ మీద పరిగెత్తడం వినిపిస్తుంది.

వచ్చిన కొత్తలో కీబోర్డులు పెట్టారని మా పక్షం, అవతలి పక్షం కలిసి తిట్టాయి. వాళ్ల మధ్య రాజీ కుదిరింది ఆ ఒక్క విషయంలోనే. నేను మాత్రం తిప్పి తిప్పి విన్నాను. మొదటి వైపు నాలుగు పాటలు, రెండో వైపు నాలుగు. ఏ చిన్న ముక్కతో మొదలవుతుందో అదే ముక్కతో ముగుస్తుంది. టేపు తిప్పడానికి తప్ప చెయ్యి యంత్రం దగ్గరికే పోలేదు.

ఇదీ నా వరస. ఒప్పుకోనంటావా, సంతోషం. నీ పదిహేడు ఒక కాగితం మీద రాసి పట్టుకురా, చాయ్ నేను పోయిస్తా. కానీ ఒక్క షరతు. 'వర్చువల్ ఇలెవెన్' కూడా తొయ్యకుండా, మొదటి నుంచి ఆఖరి దాకా విని రావాలి.